కోవిడ్-19 కాలంలో హైడ్రాక్సీక్లోరోక్విన్ వివాదం

కోవిడ్-19 మహమ్మారి ప్రబలిన 2020, 2021 సంవత్సరాలలో, మలేరియా మందుగా పేరుపొందిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ వ్యాధిని నయం చేస్తుందా, చేయదా అన్న విషయంపై పలు దేశాలలో చెలరేగిన వాదోపవాదాలను హైడ్రాక్సీక్లోరోక్విన్ వివాదం అని వ్యవహరిస్తారు. నిజానికి ఇది వైద్యశాస్త్రం ప్రయోగాల ద్వారా తేల్చవలసిన ప్రశ్న. కాని అమెరికా సంయుక్త రాష్ట్రాలు, బ్రెజిల్, ఫ్రాన్సు దేశాలలో ఇది రాజకీయ ప్రశ్నగా మారిపోయింది. మందును సమర్థించేవారు ఒక నాయకుని అనుచరులుగాను, ప్రశ్నించేవారు అతని విరోధులుగాను లెక్కించబడ్డారు. ఈ మందును అత్యధికంగా తయారుచేసే దేశాలలో ఒకటి కావడం వలన భారతదేశానికి కూడా ఈ వివాదంలో ముఖ్యమైన పాత్ర ఉన్నది.

మందు పూర్వాపరాలు

దక్షిణ అమెరికాకు చెందిన సింకోనా చెట్టు బెరడు నుండి తీసిన క్వినైన్ చాలాకాలం పాటు మలేరియాకు ప్రధాన ఔషధంగా ఉండేది. దానికి బదులుగా కృత్రిమంగా తయారుచేయగల మందు కోసం సాగిన పరిశోధనల ఫలితంగా 1934లో జర్మనీలోని బేయర్ కంపెనీకి చెందిన హాన్స్ ఆండర్సాగ్ క్లోరోక్విన్‌ను రూపొందించాడు. దానికంటే విషప్రభావం తక్కువగా ఉండే హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు అమెరికాలో 1955లో అనుమతి లభించింది. (మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది సికింద్రాబాదులోనే.) కాలక్రమేణా ఈ మందు మలేరియా కంటే ఎక్కువగా లూపస్, కీళ్ళవాతం వంటి వ్యాధులలో వాడుకలోకి వచ్చింది. ఈ వ్యాధులలో శరీరంలోని రక్షణ వ్యవస్థ తన కణజాలంపైనే దాడి చేస్తుంది. ఆ దాడిని హైడ్రాక్సీక్లోరోక్విన్ కొంతవరకు అదుపులో ఉంచుతుంది.

చవకగా దొరికేది, దశాబ్దాలుగా వైద్యులకు పరిచయమున్నది కావడం వలన ఈ మందు నిరపాయకరమైనదన్న అభిప్రాయం ప్రజలలో త్వరగా పాకింది. ఇది పూర్తిగా నిజం కాదు. దీర్ఘకాలం వాడితే కంటి రెటీనా దెబ్బతినే అవకాశం ఉన్నది. గుండె కొట్టుకునే లయలో మార్పు తెచ్చే గుణం కూడా దీనికి ఉన్నది. ఒక స్పందన తరువాత గుండె కండరం తిరిగి సిద్ధం కావడానికి పట్టే వ్యవధిని ఇది పొడిగిస్తుంది. ఆ వ్యవధి మరీ ఎక్కువైతే లయ తప్పి ప్రాణాపాయం కలుగవచ్చు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు కూడా ఇదే గుణం ఉండడం, 2020లో ఈ రెండు మందులను కలిపి వాడడం వైద్యులను కలవరపరచిన అంశం.

ఆశకు మూలం

వైరస్‌లు కణంలోనికి ప్రవేశించే మార్గాలలో ఒకటి, కణపు పొర లోనికి ముడుచుకొని ఏర్పరచే చిన్న సంచుల గుండా సాగుతుంది. ఆ సంచులలో ఆమ్లత్వం ఉంటేనే వైరస్ తన కవచాన్ని విడిచి బయటపడగలదు. క్లోరోక్విన్ జాతి మందులు ఆ ఆమ్లత్వాన్ని తగ్గిస్తాయి. 2020 ఫిబ్రవరిలో చైనా శాస్త్రవేత్తలు, ప్రయోగశాలలో పెంచిన కణాలలో కొత్త కరోనా వైరస్‌ను క్లోరోక్విన్ అడ్డుకున్నదని ప్రకటించారు. ఆశ అక్కడ మొదలయింది.

అయితే ఆ ప్రయోగంలో వాడినవి ఆఫ్రికాకు చెందిన ఒక జాతి కోతి మూత్రపిండం నుండి వచ్చిన కణాలు. మనిషి ఊపిరితిత్తుల కణాలలో ఈ వైరస్‌కు మరొక దారి ఉన్నది. అక్కడి కణాల ఉపరితలంపై ఉండే ఒక ఎంజైము సహాయంతో అది నేరుగా లోనికి చొరబడగలదు. సంచులలోని ఆమ్లత్వంతో దానికి పని లేదు. ఊపిరితిత్తుల కణాలలో ఈ వైరస్‌ను క్లోరోక్విన్ ఆపలేకపోతున్నదని 2020 జులైలో నేచర్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన చూపింది. అప్పటికి లక్షలాది మంది ఈ మాత్రలను మింగి ఉన్నారు.

మార్సే అధ్యయనం

ఫ్రాన్సులోని మార్సే నగరంలో అంటువ్యాధుల పరిశోధన సంస్థకు అధిపతిగా ఉండిన దిదియే రావుల్ట్ బృందం 2020 మార్చి 20న ఒక వ్యాసాన్ని ప్రచురించింది. వివాదానికి బీజం పడినది ఈ వ్యాసంతోనే. ఇందులో లెక్కకు తీసుకొన్నవారు 36 మంది మాత్రమే. మందు తీసుకొన్నవారు 20 మంది, తీసుకొననివారు 16 మంది. ఆరవ రోజుకు మొదటి వర్గంలో 70 శాతం మంది ముక్కు, గొంతు నమూనాలలో వైరస్ కనబడలేదని, రెండవ వర్గంలో ఇది 12.5 శాతమేనని రచయితలు పేర్కొన్నారు. అజిత్రోమైసిన్ కూడా కలిపి ఇచ్చిన ఆరుగురిలోను వైరస్ కనబడలేదు.

ఈ అంకెల వెనుక ఉన్న లోపాన్ని పాఠశాల విద్యార్థి సైతం గ్రహించగలడు. మందు మొదలుపెట్టిన వారు నిజానికి 26 మంది. వారిలో ఆరుగురిని లెక్కనుండి తొలగించారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఇంటెన్సివ్ కేర్‌కు తరలించబడినవారు, ఒకరు మరణించినవారు, ఒకరు వికారం వలన మందు మానినవారు, మరొకరు ఆసుపత్రి విడిచి వెళ్ళినవారు. పరీక్ష తప్పిన వారిని తరగతి నుండి తీసివేసి నూరు శాతం ఉత్తీర్ణత ప్రకటించుకోవడం వంటిదే ఇది. ఎవరికి మందు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించలేదు. పత్రికకు మార్చి 16న అందిన వ్యాసం మరునాడే ఆమోదం పొందింది. రచయితలలో ఒకరు ఆ పత్రికకు ప్రధాన సంపాదకుడు. ఈ వ్యాసాన్ని ప్రచురణకర్తలు చివరకు 2024 డిసెంబరులో ఉపసంహరించారు.

ఫ్రాన్సులో రావుల్ట్‌కు అపారమైన ప్రజాదరణ లభించింది. పారిస్ పెద్దలను ఎదిరించే దక్షిణాది వైద్యునిగా ఆయనను పలువురు చూశారు. 2020 ఏప్రిల్ 9న దేశాధ్యక్షుడు ఎమ్మాన్యుయెల్ మాక్రాన్ స్వయంగా మార్సే వెళ్ళి ఆయనను కలుసుకొన్నాడు.

అమెరికాలో

2020 మార్చి 19న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ విలేఖరుల సమావేశంలో ఈ మందును ప్రశంసించాడు. మరునాడు అదే వేదికపై, ఈ మందు పనిచేస్తుందనడానికి ఆధారముందా అని విలేఖరి అడిగినపుడు జాతీయ అంటువ్యాధుల సంస్థ అధిపతి ఆంథొనీ ఫౌచీ లేదనే జవాబిచ్చాడు. ఉన్నవి విడివిడి అనుభవాలే గాని పద్ధతి ప్రకారం జరిగిన ప్రయోగాలు కావని ఆయన వివరించాడు. అధ్యక్షుడు మాత్రం తనకు నమ్మకమున్నదన్నాడు. ఆనాటి నుండి ఒక వర్గం ప్రసార మాధ్యమాలు మందును అద్భుతమన్నాయి, మరొక వర్గం ప్రమాదకరమన్నాయి. ఈ రెండింటికీ అప్పటికి తగిన ఆధారం లేదు.

మార్చి 28న అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ (ఎఫ్.డి.ఎ.) ఆసుపత్రులలోని రోగులకు ఈ మందు ఇవ్వడానికి అత్యవసర అనుమతి మంజూరు చేసింది. సాండోజ్ కంపెనీ సుమారు 3 కోట్ల మోతాదులను ప్రభుత్వానికి విరాళంగా ఇచ్చింది. ఒక్లహోమా రాష్ట్రం 20 లక్షల డాలర్లతో ఈ మందు కొని, తరువాత తిప్పి ఇవ్వడానికి ప్రయత్నించింది. అదే మార్చిలో ఆరిజోనా రాష్ట్రంలో ఒక వృద్ధుడు, చేపల తొట్టి శుభ్రపరచే క్లోరోక్విన్ ఫాస్ఫేట్‌ను మింగి మరణించాడు. టీకాల, ఔషధాల అభివృద్ధి విభాగానికి అధిపతిగా ఉండిన రిక్ బ్రైట్‌ను ఏప్రిల్‌లో ఆ పదవి నుండి తప్పించారు. ఈ మందును విరివిగా పంచడాన్ని ప్రతిఘటించినందుకే తనను తప్పించారని ఆయన ఫిర్యాదు చేశాడు. ప్రభుత్వం దానిని ఖండించింది.

మే 18న ట్రంప్ తాను ముందుజాగ్రత్తగా ఈ మాత్రలు వేసుకొంటున్నానని ప్రకటించాడు. అక్టోబరులో ఆయనకు నిజంగానే కోవిడ్ సోకినపుడు వైద్యులు వెల్లడించిన చికిత్సలో యాంటీబాడీలు, రెమ్‌డెసివిర్, డెక్సామెథసోన్ ఉన్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు అందులో లేదు.

భారతదేశం పాత్ర

భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) నియమించిన కార్యదళం 2020 మార్చి 22 నాటి సూచనలో, కోవిడ్ రోగులకు సేవచేసే ఆరోగ్య సిబ్బంది, రోగుల ఇంటివారు వ్యాధి రాకుండా ఈ మందును వాడవచ్చునని పేర్కొన్నది. తొలిరోజు 400 మిల్లీగ్రాములు రెండు పర్యాయాలు, ఆపై వారానికి ఒకసారి 400 మిల్లీగ్రాములు అన్నది దాని మోతాదు. అప్పటికి దీనికి ఆధారం ప్రయోగశాల ఫలితాలే. ఈ సూచన వెలువడగానే మందుల దుకాణాలలో నిల్వలు కరిగిపోయాయి. అందువలన మార్చి 26న ప్రభుత్వం ఈ మందును షెడ్యూల్ హెచ్1 జాబితాలో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఆంక్ష విధించింది.

ఈ కొరత వలన అసలు నష్టపోయినది లూపస్, కీళ్ళవాతం రోగులు. వీరికి ఈ మందు పనిచేస్తుందన్న విషయంలో సందేహమేమీ లేదు. మానివేస్తే వ్యాధి తిరగబెట్టి మూత్రపిండాలు, ఇతర అవయవాలు దెబ్బతినవచ్చు. పనిచేస్తుందో లేదో తెలియనివారి కోసం, పనిచేస్తుందని తెలిసినవారు వరుసలలో నిలబడవలసివచ్చింది. వివాదాన్ని గురించి వ్రాసినవారిలో అధికులు ఈ విషయాన్ని ఒక వాక్యంతో దాటవేయడం విచారకరం.

మార్చి 25న భారతదేశం ఈ మందు ఎగుమతులపై నిషేధం విధించి, ఏప్రిల్ 4న దానిని మరింత కఠినం చేసింది. ఏప్రిల్ 6న ట్రంప్, భారతదేశం మందు పంపకపోతే ప్రతిచర్య ఉండవచ్చునన్న ధోరణిలో మాట్లాడాడు. మరునాడు భారత ప్రభుత్వం నిషేధాన్ని పాక్షికంగా సడలించింది. 35.82 లక్షల మాత్రలు ఆ నెలలోనే విమానంలో అమెరికా చేరాయి. ప్రాణావసరమైన మందులు ముందుగా భారతీయులకు అందుబాటులో ఉండాలని కాంగ్రెస్ నాయకుడు రాహుల్ గాంధీ వ్యాఖ్యానించాడు. దేశీయ అవసరాలకు సరిపడా నిల్వ ఉన్నదని ప్రభుత్వం బదులిచ్చింది. గమనించదగినదేమంటే, ఈ చర్చ అంతా మందు ఎవరికి ముందు దక్కాలన్న దానిపైనే సాగింది. అది పనిచేస్తుందా అన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

బ్రెజిల్ అధ్యక్షుడు జైర్ బోల్సొనారో మందు ముడిపదార్థాలను కోరుతూ ప్రధానమంత్రి నరేంద్ర మోదీకి వ్రాసిన లేఖలో, లక్ష్మణుని బ్రతికించడానికి హనుమంతుడు హిమాలయాల నుండి ఓషధిని తెచ్చిన రామాయణ ఘట్టాన్ని ప్రస్తావించాడు. సంజీవని అన్న మాట పత్రికల శీర్షికలకు ఎక్కింది.

మే 22న ఐ.సి.ఎం.ఆర్. తన సూచనను పోలీసులకు, ఇతర ముందువరుస సిబ్బందికి కూడా విస్తరించింది. నాలుగు లేక అంతకంటే ఎక్కువ మోతాదులు వాడిన ఆరోగ్య సిబ్బందిలో వ్యాధి తక్కువగా కనబడినదన్న తన అధ్యయనాన్ని అది ఆధారంగా చూపింది. అయితే అది రోగులను, ఇతరులను ప్రశ్నలడిగి పోల్చిన అధ్యయనమే గాని యాదృచ్ఛిక ప్రయోగం కాదు. 2021 సెప్టెంబరులో సవరించిన జాతీయ చికిత్సా మార్గదర్శకాలలో హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐవర్‌మెక్టిన్ రెండింటికీ చోటు లేకుండా పోయింది.

బ్రెజిల్‌లో

వివాదం తీవ్రరూపం దాల్చినది బ్రెజిల్‌లో. మందును ప్రోత్సహించడానికి, లాక్‌డౌన్‌ను సడలించడానికి అంగీకరించని ఆరోగ్యమంత్రి లూయిజ్ హెన్రిక్ మండెట్టాను బోల్సొనారో 2020 ఏప్రిల్ 16న తొలగించాడు. తరువాత వచ్చిన వైద్యుడు నెల్సన్ టీచ్ నెలరోజులు కూడా గడవకముందే, మే 15న రాజీనామా చేశాడు. ఆపై బాధ్యతలు చేపట్టిన సైనిక జనరల్ ఎడ్వార్డో పజుయెల్లో హయాంలో, మే 20న స్వల్ప లక్షణాలు గలవారికి కూడా ఈ మందు ఇవ్వవచ్చునన్న మార్గదర్శకాలు వెలువడ్డాయి. సైన్యపు ప్రయోగశాలలో మాత్రల తయారీ పెంచారు.

అమెజాన్ ప్రాంతంలోని మనౌస్ నగర వైద్యులు 81 మంది రోగులపై క్లోరోక్విన్‌ను రెండు మోతాదులలో పరీక్షించి, అధిక మోతాదు తీసుకొన్నవారిలో మరణాలు, గుండె లయలో మార్పులు ఎక్కువగా కనబడడంతో ఆ భాగాన్ని నిలిపివేశారు. తమ పరిశోధన ఫలితాన్ని ఉన్నదున్నట్లు చెప్పినందుకు వారికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. 2021 అక్టోబరు 26న బ్రెజిల్ సెనేట్ విచారణ సంఘం ఆమోదించిన నివేదిక, బోల్సొనారోపై మోపవలసిన ఆరోపణలలో బూటకపు వైద్యాన్ని ప్రోత్సహించడాన్ని కూడా చేర్చింది.

సర్జిస్ఫియర్ ఉదంతం

తప్పు ఒక పక్షానికే పరిమితం కాలేదు. 2020 మే 22న ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్, ఆరు ఖండాలలోని 671 ఆసుపత్రులకు చెందిన 96,032 మంది రోగుల వివరాలంటూ ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ఈ మందు వాడినవారిలో మరణాలు ఎక్కువని అది చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 25న తన సాలిడారిటీ ప్రయోగంలో ఈ మందు భాగాన్ని తాత్కాలికంగా ఆపింది. ఫ్రాన్సు తాను ఇచ్చిన అనుమతిని రద్దుచేసింది.

కొద్దిరోజులలోనే ఆ అంకెలపై శాస్త్రవేత్తలు సందేహాలు లేవనెత్తారు. ఆస్ట్రేలియాలో సంభవించినట్లు చూపిన మరణాలు ఆ దేశంలో అప్పటికి నమోదైన మరణాలకంటే ఎక్కువగా ఉన్నాయి. సమాచారం సమకూర్చిన సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీ, మూల వివరాలను స్వతంత్ర తనిఖీకి ఇవ్వలేదు. జూన్ 4న వ్యాసం ఉపసంహరించబడింది. మందు సమర్థకులకు ఇది గొప్ప ఆయుధమయింది. ట్రంప్‌ను దెబ్బతీయడానికే కుట్ర జరిగినదని వారు ప్రచారం చేశారు. వాస్తవానికి ఉపసంహరణ వలన తేలినది ఒక్కటే: ఆ వ్యాసం నమ్మదగినది కాదని. మందు మంచిదని దాని వలన రుజువు కాలేదు.

యాదృచ్ఛిక ప్రయోగాల ఫలితాలు

జలుబు మందు వేసుకొంటే వారంలోను, వేసుకోకపోతే ఏడు రోజులలోను తగ్గుతుందని తెలుగునాట హాస్యానికి అనే మాట ఒకటి ఉన్నది. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకొన్నారు. కనుక మందు వాడిన వైద్యునికి తన రోగులంతా కోలుకొన్నట్లే కనబడుతుంది. ఈ భ్రమను తొలగించడానికి ఉన్న మార్గం, చీటీలు తీసిన విధంగా రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మాత్రమే మందు ఇచ్చి ఫలితాలను పోల్చడం. వయస్సు, ఇతర జబ్బులు, వ్యాధి తీవ్రత మొదలైనవి రెండు వైపులా ఇంచుమించు సమంగా సర్దుకొంటాయి కాబట్టి చివరకు కనబడే తేడా మందు వలన కలిగినదేనని చెప్పవచ్చు.

ఇటువంటి వాటిలో పెద్దది బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ ప్రయోగం. ఆసుపత్రులలో చేరిన రోగులలో 1,561 మందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చి, సాధారణ చికిత్స పొందిన 3,155 మందితో పోల్చారు. 28 రోజులలో మరణించినవారు మందు వర్గంలో 27 శాతం, రెండవ వర్గంలో 25 శాతం. అంటే మందు వలన మేలు జరగలేదు. 2020 జూన్ 5న ఈ ప్రయోగం తొలి ఫలితాలు ప్రకటించగా, జూన్ 15న అమెరికా తన అత్యవసర అనుమతిని రద్దుచేసింది. సాలిడారిటీ ప్రయోగంలో మందు పొందిన 947 మందిలో 104 మంది, పొందని 906 మందిలో 84 మంది మరణించారు. వ్యాధి సోకక ముందే వాడితే ఫలితముంటుందన్న వాదాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 821 మందిపై పరీక్షించింది. రోగితో మెలగిన తరువాత మందు తీసుకొన్నవారిలో 11.8 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారిలో 14.3 శాతం వ్యాధికి లోనయ్యారు. ఈ స్వల్ప భేదం కాకతాళీయంగా కూడా రాగలిగినదే. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, వ్యాధి నివారణకు ఈ మందు వాడరాదని గట్టిగా సిఫారసు చేశారు.

రికవరీ ప్రయోగమే జూన్ 16న మరొక ఫలితాన్ని వెల్లడించింది. డెక్సామెథసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్, వెంటిలేటర్‌పై ఉన్న రోగులలో మరణాలను సుమారు మూడవ వంతు తగ్గించింది. ఈ మందు కోసం ఏ దేశాధ్యక్షుడూ ప్రచారం చేయలేదు. పాత మందులు పనికిరావని, కంపెనీల లాభాల కోసం వాటిని తొక్కిపెట్టారని సాగిన ప్రచారానికి ఇదే తగిన సమాధానం.

ఆగని వివాదం

ప్రయోగాల ఫలితాలు వచ్చినా వాదం సద్దుమణగలేదు. ప్రతి ఫలితానికీ మినహాయింపు వెదకబడింది. ఆసుపత్రిలో పనిచేయకపోతే వ్యాధి తొలిదశలో ఇవ్వాలన్నారు, ఆపై జింకు కలపాలన్నారు, మోతాదు తప్పన్నారు. 2020 జులైలో వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు మెట్లపై కొందరు వైద్యులు ఈ మందుతో వ్యాధి నయమవుతుందని ప్రకటించిన వీడియోను కోట్లాది మంది వీక్షించారు. ట్రంప్ దానిని ఇతరులతో పంచుకొన్నాడు. సామాజిక మాధ్యమ సంస్థలు దానిని తొలగించగా, నిజాన్ని దాస్తున్నారన్న అనుమానం మరికొందరిలో బలపడింది. వైద్యుని స్వేచ్ఛ, ప్రభుత్వ అధికారం, వాక్స్వాతంత్ర్యం అనే పెద్ద ప్రశ్నలు ఒక చిన్న మాత్ర చుట్టూ పెనవేసుకొన్నాయి. అనంతరం ఇదే తరహా వివాదం పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్ మందుపై నడిచింది.

2024 జనవరిలో ఒక పత్రిక, ఈ మందు వాడకం వలన ఆరు దేశాలలో సుమారు 17 వేల మరణాలు సంభవించి ఉండవచ్చునని అంచనా వేసిన వ్యాసాన్ని ప్రచురించింది. అదే సంవత్సరం ఆగస్టులో, లెక్కలలోని సమాచారం నమ్మదగినది కాదన్న కారణంతో దానిని కూడా ఉపసంహరించారు. ఆ సంఖ్యను ఇప్పటికీ ఉటంకించేవారు ఉన్నారు.

కృష్ణపట్నం మందు

తెలుగు ప్రాంతంలో ఇటువంటి చర్చ 2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో జరిగింది. ఇక్కడ ఆనందయ్య అనే నాటువైద్యుడు ఉచితంగా పంచిన మూలికల మందు కోసం, రెండవ తరంగం ఉద్ధృతంగా ఉన్న ఆ రోజులలో వేలాది జనం గుమికూడారు. ఆసుపత్రులలో పడకలు, ఆక్సిజన్ దొరకని కాలమది. దూరప్రాంతాల నుండి రోగులను అంబులెన్సులలో సైతం తీసుకొనివచ్చారు. ప్రభుత్వం పంపిణీని ఆపించి, ఆయుర్వేద పరిశోధన సంస్థల చేత పరిశీలింపజేసింది. నివేదిక అందిన తరువాత మే 31న పంపిణీకి అనుమతించింది. కంటిలో వేసే చుక్కలకు మాత్రం అప్పుడు అనుమతి ఇవ్వలేదు. హాని కనబడలేదన్నది వేరు, వ్యాధి నయమవుతుందని రుజువు కావడం వేరు. నివేదిక చెప్పినది మొదటి సంగతి. జనంలో చాలామంది విన్నది రెండవది. అల్లోపతి మందులకు విధించే పరీక్ష నాటుమందుకు ఎందుకని సమర్థకులు, ప్రాణాల విషయంలో అందరికీ ఒకే పరీక్ష ఉండాలని విమర్శకులు వాదించారు. మార్సేలోను, వాషింగ్టన్‌లోను జరిగిన వాదన కూడా సారాంశంలో ఇదే.